సాల్టర్ వారి ఇంటిపేరు

భిలాయి, సెక్టర్ 7
10-6-1979

పూజ్యులైన చిన్నతాతయ్యగారికి మనవరాలు కుముదిని నమస్కారాలు. ఇక్కడ నాన్న, అమ్మ, నేను బాగున్నాం. విజయనగరంలో మీరూ, హైమవతి మామ్మా కులాసాగా ఉన్నారని తలుస్తాను.

అసలు సంగతి. నాకు పెళ్ళి చేసుకోవాలని ఉంది. కంగారు పడకండి, పదిరోజుల కిందటి వరకూ నాన్నకి కూడా ఇష్టమే. అబ్బాయి పేరు ఎస్. శంకరరావు. చరోదా యార్డులో ట్రైన్ ఎగ్జామినర్. అంటే గూడ్సు బండి ఆగగానే సుత్తి పట్టుకుని వేగన్ల పక్కన నడుస్తూ ఒక్కొక్క చక్రాన్నీ కొట్టి వింటాడు. ఖణేల్‌మంటే చక్రం మంచిది. బొంగురుగా పలికితే ఎక్కడో పగులుందన్నమాట, ఇక ఆ వేగన్ కదలదు. ఉగాదికి మా తెలుగు సంఘం వాళ్ళు వేసిన నాటకంలో అతను హార్మోనియం వాయించాడు, నేను తెర వెనక నుంచి మాటలు అందించాను. సంఘం కార్యదర్శి నాన్నే కదా. "చూడవే, రైల్వేలో కూడా ఎంత సంస్కారం ఉన్న కుర్రాళ్ళున్నారో" అని ఆయనే పరిచయం చేశారు. ఆ మాట నేను కాస్త గట్టిగా తీసుకున్నాను.

గొడవంతా ఆ 'ఎస్' దగ్గర వచ్చింది. నాన్న అది సూరంపూడో, సాలాపువారో అనుకున్నారు. మొన్న ఇంటికి పిలిచి కాఫీ ఇచ్చి, "ఇంతకీ మీ ఇంటిపేరేమిటి బాబూ?" అని అడిగితే "సాల్టరండి" అన్నాడు. నాన్న తన గ్లాసు కింద పెట్టేశారు. శంకర్ తాతగారు క్రైస్తవులు. నాయనమ్మ అప్పయమ్మగారు హిందువు. ఆవిడ ఆదివారం చర్చికీ, మంగళవారం అమ్మవారి గుడికీ వెళ్తారు, రెండుచోట్లా ముందు వరసలోనే కూర్చుంటారు.

మొన్న జనవరి ఇరవయ్యారున నాన్న మతాలన్నీ ఒకటేనని మైకులో నలభై నిమిషాలు మాట్లాడారు. అందుకని ఇప్పుడు మతం మాట ఎత్తలేరు. "మతం నాకు అడ్డం కాదమ్మా. ఏ ఇంటిపేరు వెనకైనా ఒక ఊరో, ఒక పనో, ఒక పెద్దమనిషో ఉండాలి. మనవాళ్ళు ఉప్పు కొఠార్లలో గుమాస్తాలు, కనక ఉప్పాల వారమయ్యాం. ఈ సాల్టర్ వెనక ఏముంది? చిన్నాన్న ముప్ఫై ఎనిమిదేళ్ళు ఇంగ్లీషు చెప్పాడు. ఆయన తేల్చి సరే అంటే నాకూ సరే" అన్నారు. శంకర్‌తో చెబితే, "మీ నాన్నగారి మాట కొట్టి చూస్తే బొంగురుగా పలుకుతోంది" అన్నాడు.

నాకు జిద్దు ఎక్కువని మీకు తెలుసు. ఈ పెళ్ళి జరగాలి, అదీ నాన్న చేత్తోనే జరగాలి. కాబట్టి సాల్టర్ అంటే ఏమిటో బిల్కుల్ పక్కాగా తేల్చి రాయండి.

మీ జవాబు కోసం ఎదురుచూసే
ఉప్పాల కుముదిని

తా.క. నాన్న అన్న మాటని కాగితం మీద రాయించి సంతకం పెట్టించుకున్నాను. సాక్షి అమ్మ. పోపు మధ్యలో వచ్చి పెట్టింది కాబట్టి ఆ సంతకంలో నాలుగు ఆవాలు కూడా ఉన్నాయి.


విజయనగరం
22-6-1979

చి.కుం. కుముదినికి తాత పరబ్రహ్మం ఆశీర్వదించి వ్రాయునది. ఉభయకుశలోపరి.

ముందు తప్పులు. జిద్దు, బిల్కుల్, పక్కా - ఇవి తెలుగు మాటలు కావు. పట్టుదల అను, బొత్తిగా అను. మూడోదానికి ఆలోచించి రాస్తాను.

ఇక సంగతి. ముప్ఫై ఎనిమిదేళ్ళు ఇంగ్లీషు చెప్పాను గానీ నన్నెవరూ ఆ భాషలో ఒక్క పనికొచ్చే ప్రశ్న అడిగిన పాపాన పోలేదు. దరఖాస్తు రాసిపెట్టమనేవారు, మందుసీసా మీద ఏముందో చదవమనేవారు. నువ్వడిగావు. నీ ఉత్తరం చదవగానే చొక్కా తొడుక్కుని బయల్దేరాను, భోజనం సంగతి మామ్మ గుర్తు చేసేదాకా తోచలేదు.

ఇక్కడి లైబ్రరీలో ఇంగ్లీషువాళ్ళ ఇంటిపేర్ల నిఘంటువు ఉంది. లైబ్రేరియన్ భుజంగరావు నా శిష్యుడే, అయినా పుస్తకం బయటికివ్వడు. నాలుగు రోజులు అక్కడే నిలబడి చదివాను. కుర్చీ ఒకటే ఉంది, అందులో భుజంగరావుంటాడు. అమ్మాయీ, ఏం చెప్పమంటావు! స్మిత్ అంటే కమ్మరిట. బేకర్ రొట్టెలు కాల్చేవాడు, కార్టర్ బండి తోలేవాడు. వాళ్ళకీ మనలాగే చేసిన పనే ఇంటిపేరైంది. 1939లో నా పాఠం మధ్యలో ఆపి పిల్లలందరి ఎదుటా ఉచ్చారణ తప్పన్న ఇన్‌స్పెక్టరు దొర పేరు కూపర్. కూపర్ అంటే పీపాలు బిగించేవాడు. హాయిగా పీపాలు బిగించుకోవలసిన వంశంవాడికి నా ఉచ్చారణతో ఏం పని? నలభై ఏళ్ళ మంట చల్లారింది.

సాల్టర్ అంటే ఉప్పు పండించేవాడు, లేదా అమ్మేవాడు. మీ నాన్న అడిగిన మూడింటిలో రెండోది, పని. మనమూ ఉప్పువాళ్ళమే, వాళ్ళూ ఉప్పువాళ్ళే. ఇంతకన్న ఈడూజోడూ ఎక్కడ దొరుకుతుంది?

అయితే సగం తెలిసిన సంగతి నాకు గిట్టదు. పద్నాలుగు ప్రశ్నలు రాసి జతపరిచాను. వాళ్ళ ఇంట్లో ఉప్పు ఆచారాలేమిటి, నెలకి ఎంత వాడతారు, ఉప్పు ఎక్కడ పెడతారు, పూర్వులది ఏ ఊరు, వగైరా. అప్పయమ్మగారి చేత జవాబులు చెప్పించి పంపు. ఒక్క ప్రశ్న కూడా వదలవద్దు.

ఇట్లు,
ఆశీస్సులతో
ఉప్పాల పరబ్రహ్మం

తా.క. అబ్బాయి చూడ్డానికి ఎలా ఉంటాడని మామ్మ అడగమంది. ఇది నా ప్రశ్నల్లో లేదు కాబట్టి జవాబు వేరే కాగితం మీద రాయి.


భిలాయి, సెక్టర్ 7
8-7-1979

పూజ్యులైన తాతయ్యగారికి నమస్కారాలు. అందరం క్షేమం. పట్టుదల కూడా క్షేమం.

ఉప్పు సంగతి వినగానే నాన్న ముఖం విప్పారుతుందనుకున్నాను. "ఇంగ్లండులో ఎవరో ఉప్పమ్మితే చరోదావాళ్ళకి ఆ పేరెలా వచ్చిందమ్మా?" అన్నారు. ప్రశ్న బాగానే ఉంది, అందుకే కోపం వచ్చింది.

ఆదివారం మీ ప్రశ్నలు తీసుకుని చరోదా వెళ్ళాను. శంకర్ నాన్నగారు గూడ్సు గార్డు, ఇంట్లో కన్నా బ్రేక్‌వ్యాన్‌లో ఎక్కువ ఉంటారు. అప్పయమ్మగారు వంటింట్లో చేపల పులుసు దించుతున్నారు. నేను కాగితం తీసి మొదటి ప్రశ్న చదివాను. రెండోది చదివాను. మూడోదానికి ఆవిడ గరిటె పక్కన పెట్టి నా వైపు తిరిగారు.

"ఏటమ్మా, పెళ్ళి కాకముందే మా వంటలో ఉప్పు గురించి ఆరా తీస్తన్నారు? ఎక్కువైందన్నాడా మా సెంకరం? తక్కువైందన్నాడా?"

అది కాదు నాయనమ్మగారూ, ఇంటిపేరు గురించి అన్నాను. ఆవిడ వినలేదు. "నలభై ఏళ్ళు రైల్వే బాబులకి కేరేజీలు పంపాను, ఒక్కడు ఉప్పు మాటెత్తలేదు" అని, అటక మీంచి ఆవకాయ జాడీ దించి నా చేతిలో పెట్టారు. "మీ తాతకి అంపు. తిని చెప్పమను" అన్నారు. శంకర్ గుమ్మంలో నిలబడి సుత్తి వైపు చూస్తున్నాడు గానీ నన్ను కాపాడలేదు.

పద్నాలుగు ప్రశ్నల్లో ఆవిడ సవ్యంగా చెప్పింది ఒక్కటే. ఆవిడ మామగారిది నౌపడా వైపుట. "మా ఆయన నౌపడాలోనే పుట్టాడు, రైలెక్కి ఇటొచ్చేశాడు" అన్నారు. మిగతా వాటికి జవాబు ఆవకాయే. దాన్ని ఇక్కడి నుంచి విజయనగరం వస్తున్న మా స్కూలు టీచరు సత్యలక్ష్మి చేత పంపిస్తున్నాను.

మీ
కుముదిని

తా.క. జాడీ నాన్న ముందు తెరిచాం, దారిలో కారిందేమో చూద్దామని. కారలేదు. ఇప్పుడు సగమే ఉంది.

మళ్ళీ తా.క. మామ్మకి: పొడుగు, చామనచాయ, నవ్వితే ఎడమ బుగ్గ మీద సొట్ట. ఈ కాగితం తాతయ్యకి చూపించకండి.


విజయనగరం
24-7-1979

చి.కుం. కుముదినిని తాత ఆశీర్వదించి అతి ముఖ్యముగా వ్రాయునది.

అమ్మాయీ, కూర్చుని చదువు. నౌపడా అన్న మాట చూడగానే నా చేతిలోని ముద్ద చేతిలోనే ఉండిపోయింది. (ఆవకాయ బాగుంది. ఉప్పు సరిపోయింది. ఆవిడతో చెప్పు.)

మన ఉప్పాల వారి మూలం నౌపడా ఉప్పు కొఠారే. మా ముత్తాతగారికి లింగమూర్తి అని తమ్ముడుండేవాడు. ఒకరోజు పెరుగన్నంలో ఉప్పు వెయ్యలేదని వదినగారితో మాటామాటా అనుకుని, ఎంగిలిచెయ్యి కడుక్కోకుండా ఇల్లు వదిలి వెళ్ళిపోయాడు. ఊరంతా ఉప్పు రాశులు పెట్టుకుని కంచంలో ఉప్పు లేకపోవడం అతనికి అవమానంగా తోచి ఉంటుంది. మరి తిరిగి రాలేదు. వందేళ్ళుగా మన వంశవృక్షంలో ఆ కొమ్మ ఖాళీ.

ఇప్పుడు చూడు. నౌపడా నుంచి పోయినవాడు పాదిరీగారి పంచన చేరాడు. పాదిరీగారు ఇంటిపేరడిగారు. ఉప్పాల అన్నాడు. అంటే ఏమిటన్నారు. ఉప్పు అన్నాడు. దొర తన భాషలో సాల్టర్ అని రాసుకున్నాడు! ఇంకేం కావాలి? నీ శంకరరావు మన లింగమూర్తిగారి ముని మనవడికి మనవడు. కొమ్మ దొరికింది. నేను ఒంటరిగా, కుర్చీ కూడా లేకుండా, ఒక్క నెలలో వంశాన్ని కలిపాను.

అందుచేత పెళ్ళి కుదరదు. ఒకే ఇంటిపేరు, అతను నీకు అన్నగారి వరస. నీకు కాస్త కష్టంగా ఉంటుందని తెలుసు. కాని పెళ్ళికొడుకులు ఎక్కడైనా దొరుకుతారు, వందేళ్ళ కిందట తప్పిపోయిన అన్నగారు దొరకడం ఎంతమందికి జరుగుతుంది? మీ నాన్నకి వేరే కార్డు రాశాను.

ఇట్లు,
పట్టలేని సంతోషంతో
తాత పరబ్రహ్మం

తా.క. మీ వైపు ఆడపిల్లలు అన్నదమ్ములకి రాఖీ కడతారని విన్నాను. వచ్చే పున్నానికేనట. మంచిది చూసి కొను.


భిలాయి, సెక్టర్ 7
12-8-1979

విజయనగరం వాస్తవ్యులు, రిటైర్డు ఇంగ్లీషు మాష్టారు, ఉప్పాల పరబ్రహ్మంగారికి ఉప్పాల కుముదిని వ్రాయునది.

క్షేమం కాదు.

మీ కార్డు అందిన సాయంత్రమే నాన్న స్కూటరేసుకుని చరోదా వెళ్ళి, యార్డులో వేగన్ల మధ్య శంకర్ని వెతికి పట్టుకుని కావిలించుకున్నారట. పాపం అతను నాన్న ఒప్పుకున్నారనుకుని కాళ్ళకి దణ్ణం పెట్టాడు. "నువ్వు మావాడివిరా! మన రక్తం!" అన్నారట. ఇప్పుడు వారానికి నాలుగుసార్లు భోజనానికి పిలుస్తున్నారు. సెక్టర్ 7 అంతా తిప్పి, తను పనిచేసే రైల్ మిల్లు క్యాంటీన్‌కి కూడా తీసుకెళ్ళి, "మా చిన్నాన్న ముత్తాత తమ్ముడి వంశం, చర్చికి వెళ్తారు, అయితేనేం, మావాడు మావాడే" అని పరిచయం చేస్తున్నారు. అల్లుడైతే అడ్డొచ్చిన చర్చి, అన్న కొడుకైతే ఎటు పోయింది తాతయ్యగారూ? నేను అడిగాను. నాన్న పేపరు అడ్డం పెట్టుకున్నారు.

మొన్న శంకర్ రెండోసారి పప్పు వడ్డించుకుంటూ కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు. నాన్న అది రక్తసంబంధం అనుకుని తనూ కళ్ళు తుడుచుకున్నారు. అమ్మ మాత్రం నా వైపు చూసింది.

రాఖీ పున్నం నాడు శంకర్ ఇంటికి రాలేదు. తెల్లారినప్పటి నుంచీ పొద్దుగూకేదాకా రెండు డ్యూటీలు కలిపి చేశాడట, నూట పదహారు వేగన్లు. నేనూ గది తలుపు తియ్యలేదు. అమ్మ తలుపు కింద నుంచి జంతికలు తోసింది.

తాతయ్యగారూ, నేను లెక్కల టీచర్ని. మా దగ్గర ఊహకి మార్కులుండవు. నౌపడాలో పుట్టినవాళ్ళందరూ లింగమూర్తులు కారు. వదినతో పోట్లాడినవాళ్ళందరూ పాదిరీల దగ్గరకి పోలేదు. ఒక్క కాగితం చూపించండి, నమ్ముతాను. మీరు చూపించలేకపోతే నేనే చూపిస్తాను. శంకర్ తాతగారు ఉద్యోగంలో చేరింది డోంగర్‌గఢ్ లోకో షెడ్డులో. నెలాఖరు ఆదివారం ప్యాసింజరుకి వెళ్తున్నాను. శంకర్, అప్పయమ్మగారూ కూడా వస్తామన్నారు. అతన్ని అన్నయ్యా అని పిలవను. చచ్చినా పిలవను.

ఉప్పాల కుముదిని (ఆ ఇంటిపేరు రాయాలంటే ఇప్పుడు చెయ్యి రావడం లేదు)

తా.క. 'జిద్దు' అన్న మాట తప్పని రాశారు. పట్టుదల అంటే సరిపోవడం లేదు. జిద్దే.


విజయనగరం
20-8-1979

చి.కుం. కుముదినికి తాత ఆశీస్సులు.

నీ కోపం ముట్టింది. పెద్దవాళ్ళని ఇంటిపేరుతో పిలవడం నీకు ఎవరు నేర్పారో తెలియదు గానీ, పరీక్ష పేపరులో అయితే మార్కులు తీసేసేవాణ్ణి.

నేను వెనక్కి తగ్గలేను. వంశవృక్షం కొత్తగా గీయించాను. లింగమూర్తిగారి కొమ్మ మీద శంకరరావు పేరు ఎర్రసిరాతో రాయించి, చుట్టూ ఆకులు వేయించాను. ఈ ఊళ్ళో నా శిష్యులందరికీ చెప్పాను. మొన్న సన్మానం కూడా చేశారు, శాలువా కప్పారు. ఇప్పుడు కాదంటే శాలువా ఏం చెయ్యను?

దసరాకి నేనూ మామ్మా భిలాయి వస్తున్నాం. అందాకా ఏ డోంగర్‌గఢ్‌కీ వెళ్ళకు. కాగితాలు కదిపితే దుమ్ము లేస్తుంది.

తాత
పరబ్రహ్మం

తా.క. సాల్టర్ అంటే తీగల వాద్యం వాయించేవాడని ఇంకో అర్థం కూడా అదే పేజీలో కింద చిన్న అక్షరాల్లో ఉంది. భుజంగరావు చూపించాడు. నేను కళ్ళద్దాలు తీసేశాను.

మళ్ళీ తా.క. ఇది మామ్మ రాస్తున్నది. ఆయన పడుకున్నారు. వెళ్ళిరా తల్లీ.


భిలాయి, సెక్టర్ 7
2-9-1979

పూజ్యులైన తాతయ్యగారికి, నాకు అనుమతి ఇచ్చిన మామ్మకి నమస్కారాలు.

డోంగర్‌గఢ్ వెళ్ళొచ్చాం. జరిగింది జరిగినట్టు రాస్తాను.

స్టేషన్లో దిగి లోకో కాలనీకి నడిచాం. శంకర్ షెడ్డు ఆఫీసుకి వెళ్దామన్నాడు. అప్పయమ్మగారు "ముందు నా ఇల్లు చూస్తానొరే" అని, ముప్ఫై ఏళ్ళ తర్వాత కూడా దారి తప్పకుండా మూడో వీధిలో ఒక పెద్ద క్వార్టరు గేటు ముందు ఆగారు. గేటు మీద కమాను. కమాను మీద ఇనప ఇంగ్లీషు అక్షరాలు, జానెడేసి ఎత్తు, రివెట్లు వేసి బిగించినవి. చివరి అక్షరం ఊడిపోయింది. మిగిలింది 'సాల్టే'.

ఆవిడ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వడం మొదలెట్టారు. "ఇంకా ఉందేటే ఈ బోర్డు!" అన్నారు.

అప్పుడు చెప్పారావిడ: సాల్టర్ అనేవాడు ఒక ఇంగ్లీషు డ్రైవరు. సొంత ఖర్చుతో కమాను చేయించుకున్నాడు. 1931లో అతను దేశం వెళ్ళిపోతే ఆ ఇల్లు ఫైర్‌మన్‌గా ఉన్న కనకరత్నంగారికి, అంటే శంకర్ తాతగారికి వచ్చింది. పోస్టుమాను బోర్డు చూసి సాల్టర్ అన్నాడు. పాలవాడూ అదే అన్నాడు. విసిగిపోయి ఆయన బోర్డు తీసెయ్యమని అర్జీ పెట్టారు. మరమ్మతుల గుమాస్తా, "బోర్డు సాల్టర్‌ది, సాల్టర్ పెట్టిన అర్జీ అయితేనే తీస్తాం" అన్నాడట. సరే, పని జరిగితే చాలని ఆయన సాల్టర్ అని సంతకం పెట్టి ఇచ్చారు. బోర్డు దిగలేదు గానీ సంతకం రికార్డుకెక్కింది. ఆ తర్వాత జీతం, సెలవులు, ప్రమోషన్, పిల్లల బడి, అన్నీ ఆ పేరుతోనే.

"మరి ఇన్నాళ్ళూ చెప్పలేదేం నాయనమ్మా?" అని శంకర్ నెత్తి కొట్టుకున్నాడు.

"మీరు ఉప్పు సంగతి అడిగారు గానీ బోర్డు సంగతి ఎవరడిగారొరే?" అన్నారావిడ.

ఇంతలో లోపల్నుంచి బనీనులో ఒకాయన వచ్చారు. రామ్‌ధనీ అని బిహారు ఫిట్టరు, ఇప్పుడు ఆ ఇంట్లో ఉంటున్నది ఆయనే. పక్కింటివాళ్ళు గోడ మీంచి "సాల్టే భయ్యా, ఎవరొచ్చారు?" అని కేకేశారు. "క్యా కరే దీదీ, లోహే కా బోర్డ్ హై" అన్నాడాయన నాతో, ఇనప బోర్డుతో ఎవరు పెట్టుకోగలరన్నట్టు. మాకు చాయ్ ఇచ్చి పంపాడు.

మీకు కాగితం కావాలి కదా. ఇంటికొచ్చాక అప్పయమ్మగారు ట్రంకు పెట్టె అడుగు నుంచి తాతగారి మొదటి అపాయింట్‌మెంటు ఆర్డరు తీశారు. ఆ బోర్డున్న ఇంట్లోకి రావడం కన్నా మూడేళ్ళ ముందుది. అందులో ఉన్న పేరు: పొట్నూరి కనకరత్నం. నకలు జతపరిచాను. ఉప్పాల కాదు. లింగమూర్తీ కాదు. పొట్నూరు అనే ఊరు మీ జిల్లాలోనే ఉంది. నాన్న అడిగిన మూడింటిలో మొదటిది.

నాన్నకి అంతా చెప్పాను. శంకర్ పక్కనే, మామూలుగా తను కూర్చునే పీట మీద కూర్చుని ఉన్నాడు. నెలరోజులుగా ఊరంతా మావాడు మావాడని చెప్పిన మనిషి, మావాడు కాదని ఇప్పుడు ఏ నోటితో అంటారు? చివరికి, "చిన్నాన్న ఏమంటాడో చూద్దాం" అన్నారు. అమ్మ లేచి వెళ్ళి, ఆవాలంటిన కాగితం తెచ్చి ఆయన కంచం పక్కన పెట్టింది.

తాతయ్యగారూ, ఇప్పుడంతా మీ చేతుల్లో ఉంది. శాలువా కోసం నన్ను ముంచకండి. అతను లేకుండా నేను ఉండలేను. ఇంతకన్న మంచి తెలుగు నాకు రాదు.

మీ
కుముదిని

తా.క. మేం బయల్దేరుతుంటే ఆ ఊడిపోయిన అక్షరాన్ని రామ్‌ధనీ తెచ్చి అప్పయమ్మగారికిచ్చాడు. ఆవిడ ఇప్పుడు దాన్ని ఆవకాయ జాడీ మూత మీద బరువుగా పెట్టుకున్నారు.


విజయనగరం
12-9-1979

చి.కుం. కుముదినికి తాత పరబ్రహ్మం ఆశీర్వదించి, తలవంచుకుని వ్రాయునది.

నీ ఉత్తరం మామ్మకి పైకి చదివి వినిపించాను. బోర్డు దగ్గర ఇద్దరం పొట్ట చెక్కలయ్యేలా నవ్వాం. ముందు మామ్మ ఆగింది. ఆగి, "మరి మీ బోర్డు మాటేమిటి?" అంది. అప్పుడు నా నవ్వూ ఆగింది.

నలభై ఏళ్ళుగా మామ్మకి తప్ప ఎవరికీ చెప్పని సంగతి నీకు చెబుతున్నాను. ఉప్పాల వారిలో చివరికి మగపిల్లలు మిగల్లేదు. ఒక్కతే కూతురు. ఆవిడ మా మామ్మ. ఇంటిపేరు నిలబెట్టాలన్న షరతు మీద ఆ ఇంటికి ఒక కుర్రవాణ్ణి ఇల్లరికం తెచ్చారు. అతను సొంత ఇంటిపేరు గుమ్మం బయట వదిలి, ఉప్పాల వాడై లోపలికొచ్చాడు. ఆయన మా తాత. నౌపడా గుమాస్తాలు, లింగమూర్తి, ఉప్పులేని పెరుగన్నం, అవన్నీ నిజమే, కాని మగవాళ్ళ లెక్కన అవి మావి కావు. ఆయన అసలు ఇంటిపేరేమిటో మా నాన్నగారికే తెలియదు. నేనూ కనుక్కోలేదు. ఎవరివో ఇంగ్లీషు ఇంటిపేర్లు తవ్వడానికి నాలుగు రోజులు నిలబడ్డాను గాని, నాది తవ్వడానికి ఒక్క పూట కూర్చోలేదు. మీ నాన్నకి కూడా చెప్పలేదు. సిగ్గుపడ్డాను. ఆ సిగ్గుతోనే నిన్ను నెలన్నర ఏడిపించాను. క్షమించు తల్లీ.

కనకరత్నంగారు రివెట్లు వేసిన బోర్డు కింద కాపురం చేశాడు. మా తాత రివెట్లు కనిపించని బోర్డు కింద చేశాడు. ఇద్దరూ బాగానే బతికారు, పిల్లల్ని పెంచారు. బోర్డు ఏం చెప్పిందన్నది వాళ్ళనెవరూ అడగలేదు. కనక నా తీర్పు: సాల్టర్ అంటే ఉప్పువాడు, ఆ మాట నిఘంటువులో ఉంది. శంకరరావుకీ ఉప్పుకీ అప్పయమ్మగారి ఆవకాయ తప్ప మరే సంబంధమూ లేదు. నీకు అన్నగారు కాడు. ఊరుంది, పనుంది, పెద్దమనిషి అంటే కనకరత్నంగారే ఉన్నాడు. మీ నాన్న అడిగిన మూడూ తేలాయి. సరే అంటున్నాను.

ఈ ఉత్తరం మీ నాన్న చేతికివ్వు. రామమోహనా, ఇక్కణ్ణుంచి నీకు. ఇంటిపేరు తేల్చమన్నావు, తేల్చాను. నీకు ఇంకా ఏదైనా అభ్యంతరం ఉంటే, ఈసారి దాని అసలు పేరుతో పిలు. జనవరి ఇరవయ్యారున మాట్లాడిన మైకులోనే చెప్పు. చెప్పలేకపోతే దసరాలోగా ముహూర్తం చూడు. నెలన్నర పక్కన కూర్చోబెట్టుకుని తిన్నావు కదా, వాడు మనవాడు అన్నప్పుడు నీ కళ్ళల్లో నీళ్ళు అబద్ధం కావని నాకు తెలుసు.

శాలువా పెళ్ళికొడుకుకి కప్పుతాను. వంశవృక్షంలో ఆకులు అలాగే ఉంచి, లింగమూర్తిగారి కొమ్మ మీద అతని పేరు కొట్టేసి, నీ పేరు పక్కన రాయించాను. ఎర్రసిరా మాత్రం పోలేదు.

ఇట్లు,
నీ అంత జిద్దు ఉన్న తాత
పరబ్రహ్మం (ముందున్న ఇంటిపేరు తెలియదు)

తా.క. రాఖీ కొన్నావేమో. పారెయ్యకు. దసరాకి వస్తున్నాను, నాకు కట్టు. అంత తప్పు చేసినవాడికి ఏదో ఒక తాడు ఉండాలి.

మళ్ళీ తా.క. ఈ ఉత్తరం చదివి మీ నాన్న "సరే" అంటాడు. అనేటప్పుడు శంకరరావుని సుత్తి పట్టుకుని పక్కనే నిలబడమను. మోత ఎలా ఉందో నాకు టెలిగ్రాం ఇవ్వు.